గుట్ట వాలున ఇంటి స్థలం: ఎర్రగట్టుగుట్ట దాటాక ఒక వెంచర్‌పై మా సమీక్ష

హనుమకొండ నుంచి కరీంనగర్ వెళ్లే రహదారి మీద ఎర్రగట్టుగుట్ట దాటి హసన్‌పర్తి వైపు సాగితే, రోడ్డుకు కొంత లోపలగా ఒక చిన్న గుట్ట తూర్పు, ఉత్తర వాలుల మీద వేసిన వెంచర్ ఒకటి ఉంది. అందులో ప్లాటు కొని ఇల్లు కట్టుకోవాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి నేనూ నా భార్యా ఆ స్థలాన్ని నడి ఎండాకాలంలో చూశాము, వాన పడుతుండగా కూడా చూశాము, కాగితాలు తిరగేశాము, మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్లి మట్టం కొలిపించాము. మేము గమనించిన మంచి చెడ్డలు ఈ చుట్టుపక్కల గుట్టల అంచున వెలుస్తున్న చాలా వెంచర్లకు వర్తిస్తాయి కాబట్టి దీని పేరు చెప్పడం లేదు. మా అభిప్రాయం ముందే చెబుతాను: వరంగల్ ప్రాంతంలో గుట్ట వాలున ఇల్లు కట్టుకోవడం మంచి నిర్ణయమే. అయితే వెంచర్ మొత్తాన్ని చూసి మంచిదనో చెడ్డదనో తీర్మానించడానికి ఇక్కడ వీలులేదు. ఒకే వెంచర్‌లో నడిమి వీధిలోని ప్లాటు నిశ్చింతగా ఉంటే, దానికి రెండు వీధుల దిగువన, అదే ధరకు అమ్ముతున్న ప్లాటు ప్రతి వానకాలం ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేయవచ్చు.

అసలు వాలు భూముల వైపు మా దృష్టి మళ్లడానికి కారణం నగరంలోని పల్లపు కాలనీల పరిస్థితి. 2020 ఆగస్టు వానలకు నయీంనగర్ నాలా పొంగి సమ్మయ్యనగర్ వంటి కాలనీలు నీట మునగడం, 2023 జూలైలో హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్ ప్రాంతాలు మునిగి జనాన్ని పడవల మీద తరలించవలసి రావడం, అదే నెల 29న పోతననగర్ వైపు భద్రకాళి చెరువు కట్టకు గండి పడడం ఇక్కడివారెవరూ మరచిపోలేదు. కాకతీయుల కాలం నుంచి ఈ నేలలో నీరు గొలుసుకట్టు చెరువుల గుండా, ఒక చెరువు నిండి మత్తడి (అలుగు) దూకితే మరో చెరువుకు చేరే పద్ధతిలో నడిచింది. ఆ చెరువుల మధ్య కాలువలను ఇరుకు చేసి, చెరువు నీరు నిలిచే శిఖం భూముల దాకా ఇళ్లు కట్టుకుంటూ పోయిన తరువాత నీటికి ఆ ఇళ్లలోకి రావడం తప్ప వేరే దారి మిగలలేదు. పైభాగాన, మెట్ట నేల మీద ఇల్లుంటే ఈ బాధ ఉండదన్న ఆలోచన సహజమైనదే, చాలావరకు సరైనదే. కానీ గుట్ట వాలుకు దానిదైన నీటి లెక్క వేరే ఉంది, దాన్ని కింద వివరిస్తాను.

ఈ వెంచర్‌ను ఎంచుకునే ముందు మేము పరిశీలించిన మిగతా చోట్ల గురించి క్లుప్తంగా. పద్మాక్షి గుట్ట, సిద్ధేశ్వర గుట్ట పరిసరాలు నగరం నడిబొడ్డున ఉన్నాయి; బడి, ఆసుపత్రి, కూరగాయల మార్కెట్ అన్నీ అందుబాటులో ఉంటాయి; సద్దుల బతుకమ్మనాడు పద్మాక్షి గుండం దగ్గరికి నడిచి వెళ్లగలగడం మా ఇంట్లో ఆడవాళ్లకు చిన్న సంగతి కాదు. కానీ అక్కడ అమ్మకానికి వచ్చేవి ఎక్కువగా పాత ఇళ్లు, వాటి వీధులు ఇరుకు, ఇల్లు కూల్చి కట్టాలంటే ఇటుక, ఇసుక దింపుకునే చోటు కూడా ఉండదు, పైగా వారసుల మధ్య పంపకాలు తేలని ఆస్తులు తరచు ఎదురవుతాయి. ధర మా అందుబాటులో లేకపోవడంతో ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది.

మడికొండ వైపు మెట్టుగుట్ట పరిసరాలను మాత్రం మేము గట్టిగానే ఆలోచించాము. హైదరాబాద్ రహదారి పక్కనే ఉండడం, ఐటీ పార్కు, కాజీపేట జంక్షన్, అయోధ్యాపురం దగ్గర రైల్వే తయారీ కర్మాగారం దగ్గరలో ఉండడం ఆ ప్రాంతానికి పెద్ద బలం; ఉద్యోగరీత్యా వారానికోసారి హైదరాబాద్ వెళ్లి రావలసినవారికి ఇంతకంటే అనువైన శివారు లేదు. రామలింగేశ్వరుడి గుడి పక్కన ఆకాశంలోకి నిలబడిన రాతి స్తంభాలు కిటికీలోంచి కనిపించే ఇల్లు ఎవరికి ఇష్టముండదు? అయితే నగరం చెత్తంతా చేరే యార్డు మడికొండ, రాంపూర్ శివారులోనే ఉంది. గాలి అటునుంచి వీచే రోజుల్లో ఆ పొగ, వాసన ఎంత దూరం వస్తాయో అక్కడ ఇప్పటికే నివసిస్తున్నవారిని అడిగి తెలుసుకోకుండా ఆ వైపు బయానా (అడ్వాన్సు) ఇవ్వవద్దని నా సలహా. మా ఇంట్లో ఉబ్బసం ఉన్న పెద్దావిడ ఉన్నందువల్ల మేము ఆ వైపు వదులుకున్నాము.

ఇక ఎర్రగట్టుగుట్ట వైపు. కిట్స్ కళాశాల ఎదుటి నుంచి హసన్‌పర్తి వరకు రోడ్డుకు రెండు వైపులా ఇప్పటికే కాలనీలు పెరిగాయి, హనుమకొండ బస్టాండుకు బస్సులు, ఆటోలు రోజంతా దొరుకుతాయి, కాకతీయ విశ్వవిద్యాలయం దగ్గరలోనే ఉంది, ఈ శివారంతా గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థ పరిధిలోకి వచ్చింది. హోలీ పండుగ సమయంలో ఎర్రగట్టు వేంకటేశ్వరస్వామి జాతరకు చుట్టుపక్కల ఊళ్ల జనం తరలివస్తారు కాబట్టి ఆ రోజుల్లో రహదారి మీద రాకపోకలు ఆలస్యమవుతాయి. అది తప్ప దారి విషయంలో నాకు ఫిర్యాదు లేదు.

వెంచర్‌ను మొదటిసారి చూసినవారికి అది చాలా బాగుంటుంది. కమాను, సిమెంటు రోడ్లు, వాటి పక్కన నాటిన కానుగ, గన్నేరు చెట్లు, పై వీధి నుంచి చూస్తే దిగువన పచ్చని పొలాలు, దూరాన కుంటలో మెరిసే నీళ్లు. అమ్మేవాళ్లు కొనుగోలుదారులను తీసుకెళ్లేది కూడా సాయంకాలం పూట, ఆ పై వీధికే. కానీ ఇల్లు నిలబడేది నేల మీద. ఆ నేల ఎలాంటిదో తెలియాలంటే పక్క ప్లాటులో ఎవరైనా పునాదికి తీసిన గుంత దగ్గర నిలబడి చూడాలి. మేము అలాంటి గుంత ఒకటి చూశాము. పైన అడుగు, అడుగున్నర చెల్క (ఎర్ర ఇసుక) మట్టి. దాని కింద గోధుమ రంగు మొరం, పారతో తవ్వితే పలుకులుగా రాలేది. నాలుగడుగుల దగ్గర గుంతకు ఒక మూల నల్లటి బండ తేలింది, ఎదుటి మూల మాత్రం ఇంకా మొరమే ఉంది. బండ వాలు గుట్ట వాలుతో పాటే లోపలికి జారుతూ పోతున్నదని ఆ ఒక్క గుంతలోనే స్పష్టంగా కనిపించింది.

వరంగల్ ప్రాంతపు గుట్టలన్నీ ఇంచుమించు ఇలాంటివే. పాత గ్రానైటు రాయి లక్షల ఏళ్ల ఎండకు, వానకు పైపైన శిథిలమై మొరంగా మారగా, మారని గుండ్లు మొరం మధ్యలో అక్కడక్కడా మిగిలిపోతాయి. మొరం మంచి పునాది నేల, బండ ఇంకా మంచిది. చిక్కు వచ్చేది ఒకే ఇంటి కింద ఈ రెండూ కలిసినప్పుడు, అంతకంటే ముఖ్యంగా ఒక పక్క బండ, మరో పక్క కొత్తగా పోసి చదును చేసిన మట్టి ఉన్నప్పుడు. బండ దిగదు, పోసిన మట్టి దిగుతుంది, ఆ తేడా గోడల్లో ఐమూలగా పగుళ్లై బయటపడుతుంది. మేము తీసుకెళ్లిన మేస్త్రీ ఈ మాట సూటిగానే చెప్పాడు: "సార్, సగం బండ మీద, సగం పోసిన మన్ను మీద బేస్‌మెంట్ లేపమంటే నాతోని కాదు. రెండు వానకాలాలు పోకముందే గోడ నెర్రెలిస్తది. అన్ని పిల్లర్లు గట్టి నేల తగిలేదాకా దించుడే, లేకుంటే ఆ ప్లాటే వద్దు." ఇలాంటి చోట ప్లాటుకు నాలుగు మూలలా, నడుమ ఒకచోట గుంతలు తీయించి చూసేందుకు అమ్మేవారు ఒప్పుకుంటారా అని అడగడమే మొదటి పరీక్ష. ఈ వెంచర్ వారు మొదట కాదన్నా తరువాత ఒప్పుకున్నారు, ఆ విషయంలో వారిని మెచ్చుకోవాలి.

వాలు ఎంతో కొలవడం కష్టమైన పనేమీ కాదు. మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల పైపు పట్టుకుని ఇద్దరు మనుషులు పది నిమిషాల్లో తేలుస్తారు. మేము మొదట ఎంచుకున్న ప్లాటు 200 గజాలది, 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. అక్కడ వాలు పదడుగులకు ఒక అడుగు చొప్పున ఉంది. ప్లాటు పొడవు గుట్ట వాలు దిశగా ఉండడంతో ఈ చివరికీ ఆ చివరికీ ఆరడుగుల తేడా వచ్చింది. మొత్తం ప్లాటును పై మట్టానికి లేపాలంటే 5,400 ఘనపుటడుగుల మట్టి పోయాలి, అంటే ట్రాక్టరుకు యాభై ట్రిప్పులకు పైన. ఆ మట్టిని నిలబెట్టడానికి దిగువ పక్కన ఆరడుగుల ఎత్తు రాతి గోడ కావాలి. అదే కొలతల ప్లాటు పొడవు గుట్టకు అడ్డంగా, అంటే ఒకే ఎత్తు గీత వెంబడి ఉంటే తేడా మూడడుగులకు, మట్టి సగానికి తగ్గుతుంది. ఒకే వెంచర్‌లో, ఒకే గజం ధరకు ఈ రెండు రకాల ప్లాట్లూ అమ్ముతున్నారు. తూర్పు ముఖమా, ఉత్తర ముఖమా అని అడిగేవారు చాలామంది ఉంటారు. పొడవు వాలుకు నిలువుగా ఉందా, అడ్డంగా ఉందా అని అడిగినవాళ్లు తక్కువని అక్కడ పనిచేసే కుర్రాడే మాతో అన్నాడు. మా దృష్టిలో ఇంటి ఖర్చును నిర్ణయించే మొదటి ప్రశ్న అదే.

మట్టి పోసి చదును చేయడం ఒక్కటే మార్గమని కూడా అనుకోనక్కరలేదు. ముందు గదులు ఒక మట్టంలో, వెనుక గదులు మూడు మెట్ల కిందో పైనో ఉండేలా ఇల్లు గీయించుకుంటే నేలను అంతగా కదిలించవలసిన పని ఉండదు. దిగువ పక్కన మిగిలే ఎత్తులో వాహనం నిలుపుకోవడానికో, సంప్ కట్టుకోవడానికో చోటు దొరుకుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు ఇంట్లో ఉంటే పడకగది, వంటగది, స్నానాల గది ఒకే మట్టంలో పెట్టుకుని ఆ మెట్లను వరండా దగ్గరే ముగించవచ్చు. ఈ పద్ధతి తెలిసిన ఇంజనీరును పట్టుకోవడం ఇక్కడ ఇంకా కొంచెం కష్టమే, ఎందుకంటే మన దగ్గర నమూనాలన్నీ చదునైన ప్లాటుకు గీసినవే.

రాతి గోడ గురించి ఒక మాట. అలాంటి గోడ మట్టి బరువు కంటే ఎక్కువగా దాని వెనుక చేరిన నీటి ఒత్తిడికి పడిపోతుంది. గోడలో అడుగడుగునా నీరు కారే రంధ్రాలు వదిలి, వెనుక కంకర పొర పోస్తే ఆ నీరు బయటికి వస్తుంది. వెంచర్ వారు పై రెండు వీధుల మధ్య కట్టిన గోడకు రంధ్రాలున్నాయి, కానీ కొన్నిచోట్ల సిమెంటు పూసి మూసేశారు. వాన వెలిసిన మరునాడు చూస్తే రంధ్రాలున్న చోట గోడ ఆరిపోయింది, మూసిన చోట తడి మచ్చ గోడ నడుము దాకా ఉబ్బినట్లు కనిపించింది. ఈ గోడకు ఆనుకున్న ప్లాట్లను మేము జాబితాలోంచి కొట్టేశాము.

ఇప్పుడు నీటి లెక్క. ఒక్క రోజులో 100 మిల్లీమీటర్ల వాన పడితే ఒక ఎకరం మీద దాదాపు నాలుగు లక్షల లీటర్ల నీరు పడినట్లు. పొలంలో అందులో కొంత ఇంకుతుంది. గుట్ట పైభాగం బండ కాబట్టి దాదాపు అంతా కిందికి జారుతుంది. వెంచర్ పైన పది ఎకరాల గుట్ట ఉందనుకుంటే నలభై లక్షల లీటర్లు కొన్ని గంటల్లో దిగువ వీధుల మీదుగా పోవాలి. ఇంత వాన మన దగ్గర అసాధారణం కాదు. 2023 జూలైలో పాత వరంగల్ జిల్లాలోనే, ఇప్పటి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో, ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు నమోదైంది. అలాంటి వాన మళ్లీ రాదని అనుకుని ఇల్లు కట్టలేము.

ఆ నీరు పోయే దారిని గుర్తించడానికి ఎండాకాలమే అనువైన సమయం. గడ్డి ఎండిపోయిన వాలు మీద ఒకచోట సన్నని పచ్చని చార, దాని వెంబడి నునుపు తేలిన గులకరాళ్లు, అంచున రెండు మూడు ఈత చెట్లు ఉంటే అది ఒర్రె (వాన నీరు పారే చిన్న వాగు) దారి. ఈ వెంచర్‌లో ఆ చార పైనుంచి దిగి వచ్చి, దిగువ వీధిలో ఒక ప్లాటు హద్దు రాయి దగ్గర హఠాత్తుగా మాయమైంది. అక్కడ గొర్రెలు మేపుకుంటున్న పెద్దాయనను నా భార్య "తాతా, ఇక్కడ నీళ్లు ఎటు పోతాయి?" అని అడిగితే ఆయన కర్రతో నేరుగా ఆ ప్లాట్ల వరుసను చూపించాడు. "ఈ రోడ్డు పడకముందు ఇది ఒర్రె బిడ్డా. గుట్ట మీద వాన పడ్డదంటే గంటసేపు మోకాలు లోతు పారేది. మా గొర్లు ఇక్కడనే తాగేవి. మొన్న మొన్న మొరం పోసి చదును చేసిండ్రు." తరువాత వానలో వెళ్లి చూసినప్పుడు ఆయన మాట అక్షరాలా నిజమైంది. పూడ్చిన ఒర్రె నీరు సిమెంటు రోడ్డునే కాలువగా చేసుకుని దిగువ మూడు ప్లాట్లలోకి చేరింది. రోడ్డు కింద వేసిన తూము గొట్టం అడుగున్నర వెడల్పు కూడా లేదు, అదీ మట్టితో సగం నిండి ఉంది.

ఇది వెంచర్‌లోని అతిపెద్ద లోపం. చట్టం కూడా దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం, అంటే జీవో 168 ప్రకారం, పది మీటర్ల లోపు వెడల్పున్న వాగు, నాలా అంచు నుంచి రెండు మీటర్లు, అంతకు మించిన వాటికి తొమ్మిది మీటర్లు వదలాలి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు నిండు మట్టం హద్దు నుంచి ముప్పై మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు, కుంటకు తొమ్మిది మీటర్లు వదలాలి. లేఅవుట్ నక్షలో ఒర్రె లేకపోవచ్చు, కానీ గ్రామ నక్షలో ఉండవచ్చు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడమని సర్వేయరును అడగండి. దిగువ రెండు వీధుల్లోని ప్లాట్లు, ముఖ్యంగా ఆ పూడ్చిన ఒర్రె వెంబడి ఉన్నవి, ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దని నేను గట్టిగా చెబుతాను.

కాగితాల విషయం గుట్టల దగ్గర మామూలు పొలాల కంటే సున్నితమైనది. గుట్టలు, వాటి అంచున ఉన్న బంచరాయి (ఊరి పశువుల మేత బీడు) చాలాచోట్ల సర్కారువి. ఆ అంచులోనే పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములుంటాయి, వాటిని అమ్మడం, కొనడం 1977 నాటి చట్టం ప్రకారం చెల్లదు. పట్టా భూమి ఎక్కడ ముగిసి గుట్ట ఎక్కడ మొదలవుతుందో కంటికి కనిపించదు. కొన్నేళ్లలో హద్దు రాళ్లు పైకి జరగడం కొత్తేమీ కాదు. అందుకని 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే రెవెన్యూ రికార్డు నుంచి ఇప్పటిదాకా ఆ సర్వే నంబరు ఎవరి పేరున ఉంది, స్వభావం ఏమని రాసి ఉంది, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాలో ఉందా అన్నవి మూడూ చూడాలి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఒక్కటి తీసుకుని తృప్తిపడితే చాలదు, అది జరిగిన లావాదేవీలను చూపిస్తుందే తప్ప భూమి స్వభావాన్ని చెప్పదు. ఈ వెంచర్‌కు కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) అనుమతి ఉంది, వ్యవసాయేతర మార్పిడి ఉంది, స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరా దగ్గర నమోదు ఉంది. 500 చదరపు మీటర్లకు, లేదా ఎనిమిది ప్లాట్లకు మించిన లేఅవుట్‌కు ఆ నమోదు తప్పనిసరి. పై వీధిలో చివరి ఆరు ప్లాట్లు మాత్రం లేఅవుట్ నక్షలో లేవు, "తరువాత కలుపుతాం" అన్నారు. అలా అన్న ప్లాటు దగ్గర మాట్లాడవలసింది ఇంకేమీ లేదు.

ఇంకో సంగతి. 600 గజాల లోపు ప్లాటులో పది మీటర్ల ఎత్తు వరకు ఇంటికి 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం స్వీయ ధ్రువీకరణ మీద అనుమతి ఇచ్చే పద్ధతి తెచ్చింది. ఇది సౌకర్యమే, కానీ స్థలం గురించి చెప్పిన ప్రతి మాటకూ బాధ్యత మనదే అవుతుంది. తప్పుడు ధ్రువీకరణ అని తేలితే నోటీసు లేకుండానే కూల్చివేసే అధికారం అదే చట్టం ఇచ్చింది. నాలా మీద కట్టిన ఇంటికి అనుమతి పత్రం ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్లు కాదు.

తాగునీటి లైను వెంచర్ ముఖద్వారం దాకా వచ్చింది. పై వీధులకు ఒత్తిడి చాలదు కాబట్టి ప్రతి ఇంటికీ సంప్, మోటారు ఉండాలి. బోరు మీద ఆశ పెట్టుకోవద్దు. గ్రానైటులో నీరు మొరం పొరలోనూ, బండ పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తుంది, గుట్ట పైకి వెళ్లే కొద్దీ ఆ మొరం పొర పలచబడుతుంది. పై వీధిలో ఒకాయన వేసిన బోరు దుమ్ము తప్ప చుక్క నీరు ఇవ్వలేదు, నడిమి వీధిలోని రెండు బోర్లు మే నెలలో కూడా పనిచేస్తున్నాయి. ఇంటి కప్పు మీద పడే వాననీటిని మాత్రం వృథా చేయకూడదు. మన దగ్గర ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది, వెయ్యి చదరపుటడుగుల కప్పు మీద అది తొంభై వేల లీటర్లు. ఆ నీటిని నడిమి వీధుల్లో మొరంలోకి ఇంకించడం సులభం, పై వీధిలో తొట్టి కట్టి నిల్వ చేసుకోవడం మేలు.

భూగర్భ డ్రైనేజీ లేదు, సెప్టిక్ ట్యాంకులే గతి. బండ నేలలో ఇంకుడు గుంత ఇంకదు. పై ఇంటి మురుగు నీరు మొరం, బండ కలిసే చోట జారుకుంటూ వచ్చి కింది ఇంటి ప్రహరీ దగ్గర ఊరుతుంది. పైన ఇళ్లు తక్కువగా ఉన్నంతకాలం ఇది కనిపించదు. వీధికి ఎగువన ఎన్ని ప్లాట్లున్నాయో లెక్కపెట్టి, అవన్నీ ఇళ్లయిన రోజును ఊహించుకుని నిర్ణయం తీసుకోవాలి.

ఎండ సంగతిలో ఈ వెంచర్‌కు నిజమైన అనుకూలత ఉంది. గుట్ట పడమర, నైరుతి దిక్కున ఉండడంతో తూర్పు వాలు ప్లాట్లకు సాయంత్రం నాలుగు, నాలుగున్నర నుంచే నీడ పడుతుంది, 44 డిగ్రీలు దాటే మే నెలలో ఆ రెండు గంటల నీడ విలువ ఇంట్లో ఉండేవారికి తెలుస్తుంది. వాస్తు ప్రకారం కూడా నైరుతి ఎత్తు, ఈశాన్యం పల్లం కోరదగినవి కనుక ఈ వాలుకు గిరాకీ ఎక్కువ, గజానికి కొంత అదనంగా అడుగుతున్నారు. మా పెద్దల మనసుకు తృప్తిగా, మా ఒంటికి చల్లగా ఉన్నందున ఆ అదనం ఇవ్వడానికి మాకు అభ్యంతరం కలగలేదు. గుట్టకు మరీ దగ్గరగా ఉన్న పై వీధి మాత్రం వేరు. పగలంతా కాలిన బండ రాత్రి పది దాటినా సెగ విడుస్తూనే ఉంది.

కోతుల బెడద ఉంది, కిటికీలకు, వాష్ ఏరియాకు మెష్ తప్పదు. పాములుంటాయి. చుట్టుపక్కల గుట్టల్లో ఏదైనా క్వారీ లీజులో ఉందేమో గనుల శాఖలో కనుక్కోవడం మరువకండి. కరీంనగర్ వైపు గ్రానైటు కోసం గుట్టలకు గుట్టలే తరిగిపోవడం చూశాము, బండ పేల్చే తూటాల అదురు, లారీల దుమ్ము మధ్య కొత్త ఇల్లు ఎన్నాళ్లో నిలవదు. ఈ గుట్టకు అలాంటి లీజు లేదు.

ఖర్చు పోల్చేటప్పుడు గజం ధర ఒక్కటే చూడకండి. గజం ధరకు 7.5 శాతం స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ రుసుములు ఎలాగూ కలుస్తాయి. వాలు ప్లాటుకు వాటి మీద రాతి గోడ, లోతు పిల్లర్లు, అవసరమైతే బండ పగలగొట్టే బ్రేకర్ అద్దె చేరతాయి. మేస్త్రీ చేత ఈ మూడూ విడిగా అంచనా వేయించి, ఆ మొత్తాన్ని గజాలతో భాగించి ధరకు కలిపితే అసలు ధర తెలుస్తుంది. అలా చూసినప్పుడు చౌకగా కనిపించిన మా మొదటి ప్లాటు, నడిమి వీధిలో ఖరీదుగా కనిపించిన ప్లాటు కంటే ఎక్కువ పడింది. నగరానికి అవతలి పక్కనున్న మామునూరు విమానాశ్రయానికి 2025లో అనుమతి వచ్చిన నాటి నుంచి నగరానికి ఏ దిక్కున భూమి అమ్మేవారైనా ఆ పేరే చెబుతున్నారు. హసన్‌పర్తి వైపు ప్లాటుకు దానితో ఒరిగేది చాలా తక్కువ, ఆ మాట మీద ధర పెంచితే ఒప్పుకోనక్కరలేదు.

మొత్తం మీద ఈ వెంచర్‌లో నడిమి మూడు వీధులు, అందులోనూ తూర్పు వాలున పొడవు గుట్టకు అడ్డంగా ఉన్న ప్లాట్లు, సొంతంగా ఉండడానికి ఇల్లు కట్టుకునేవారికి నిస్సంకోచంగా కొనదగినవి. పై వీధి నీరు లేక, వేడి ఎక్కువై ఇబ్బంది పెడుతుంది, దిగువ రెండు వీధులు వద్దు. కొని ఉంచుకుని తరువాత అమ్ముకుందామనుకునేవారికి నేను చెప్పగలిగింది ఏమీ లేదు, మేము ఆ కోణంలో చూడలేదు.

మేము నడిమి వీధిలో 200 గజాల ప్లాటు ఒకటి మాట్లాడుకున్నాము. బయానా కాగితంలో రెండు షరతులు రాయించాము: రిజిస్ట్రేషన్‌కు ముందే పూడ్చిన ఒర్రెను తిరిగి తవ్వి, రోడ్డు కింద మనిషి దిగి శుభ్రం చేయగలిగేంత వెడల్పు తూము కట్టాలి, పై గోడలో మూసిన రంధ్రాలన్నీ తెరవాలి. రంధ్రాలు తెరిచారు. తూముకు గుంత తవ్వారు, పని ఇంకా సాగుతున్నది. అది పూర్తయ్యేదాకా మిగతా డబ్బు ఇవ్వడం లేదు.